నవల మూసేసినా పాప మీద బెంగ తీరడం లేదు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పాపకి ఏడేళ్లు. చిన్నప్పటి నుంచీ నాకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. నెల కిందట ఫోన్లో చదువుతున్న సీరియల్లో చిన్నపిల్లని ఎత్తుకెళ్లి చంపేశారు. చదవలేక మధ్యలో ఆపేశాను. అప్పటి నుంచీ ఆ పిల్ల స్థానంలో మా పాపే కనిపిస్తోంది. రాత్రి ఐదారుసార్లు లేచి చూసుకుంటున్నాను. స్కూల్ ఆటో మాన్పించేశాను. “కథే కదా” అని మావారు విసుక్కుంటున్నారు. నాకేమైనా మతి చెడిందా?

జవాబు: మతి చెడలేదమ్మా. పెళ్లికి ముందు ఇలాంటి కథ చదివినప్పుడు మీ ధ్యాసంతా దొంగని పట్టేవాడి మీదే ఉండేది. ఇప్పుడు ఆ పిల్లని కన్నతల్లి పక్కకి వెళ్లి నిలబడ్డారు. పైగా సీరియల్ని గుండె గుభేలుమనే చోటే తెంపుతారు. మీరూ అలాంటి చోటే ఆపేసి ఉంటారు. నేరస్తుడు దొరకలేదు, కథ తేలలేదు. అందుకే మనసు ఆ ముక్కనే తిరగేస్తోంది. తర్వాతి భాగాలు మీరు చదవొద్దు. ఎవరైనా చదివి, చివరికి ఏమైందో నాలుగు మాటల్లో చెబితే చాలు.

రాత్రిపూట లేవడం సంగతి. లేచి చూడగానే ప్రాణం కుదుటపడుతుంది. ఆ హాయి కోసమే మనసు గంటకోసారి మిమ్మల్ని లేపుతుంది, చూసేకొద్దీ చూడాలనిపిస్తుంది. ఒక్కసారిగా మానేస్తే తట్టుకోలేరు. మొదటి నాలుగు రోజులూ రెండుసార్లే చూడండి, పడుకోబోయే ముందు ఒకసారి, రాత్రి రెండింటికి ఒకసారి. తర్వాత రెండోది తీసేయండి. మధ్యలో మెలకువ వస్తే పది నిమిషాలు మంచం దిగకండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. దడ పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. పాప మొహం కళ్లముందుకి వస్తే తరిమేయాలని పోరాడకండి, తరిమితే మళ్లీ వస్తుంది. “ఇది పుస్తకంలోది” అని మెల్లగా అనుకుని వదిలేయండి.

ఆటో మళ్లీ పెట్టించండి. డ్రైవరు నంబరు, ఎంతమంది పిల్లలు ఎక్కుతున్నారో, పక్కలకి కమ్మీ ఉందో లేదో కనుక్కోండి. ముందు రెండ్రోజులు మీవారు బండి మీద వెనకే వెళ్లొస్తారు, ఆ తర్వాత వీధి చివరిదాకా వెళ్తే సరిపోతుంది. “భయపడకు” అనడం కన్నా ఈ రెండ్రోజుల తోడు మీకు ఎక్కువ మేలు చేస్తుంది. ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి.

ఇక అసలు చెప్పాల్సింది. ముక్కూమొహం తెలియని మనిషి వ్యానులో వచ్చి ఎత్తుకుపోవడం నవలల్లో కనిపించినంతగా బయట జరగదు. పిల్లల మీద అఘాయిత్యం చేసేది ఎక్కువగా ఇంటికి వచ్చిపోయేవాళ్లే, తెలిసినవాళ్లే. కాబట్టి “కొత్తవాళ్లతో మాట్లాడకు” ఒక్కటే సరిపోదు. స్నానం చేయించేటప్పుడు అయిదు నిమిషాలు చాలు: బట్టల కింద ఉన్న చోట ఎవరూ చెయ్యి వేయకూడదు, అమ్మ దగ్గర దాచమని ఎవరు చెప్పినా ఆ మాటే ముందు అమ్మకి చెప్పాలి, చెప్పినందుకు అమ్మ తిట్టదు. నవల్లో జరిగినవి మాత్రం దాని చెవిన వేయకండి. ఎప్పుడైనా అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ పలుకుతారు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది. ఆ మనిషి బంధువైనా సరే.

మీ ఉత్తరంలో కాలవ మాటే లేదు. కోనసీమలో ఏడేళ్ల పిల్లకి ఆటో కన్నా ఎక్కువ భయపడాల్సింది నీళ్లకే. వేసవిలో కట్టేసిన కాలవకి మళ్లీ నీళ్లు వదిలాక, నిన్న మోకాలి లోతున్నచోట ఇవాళ మనిషి మునుగుతాడు. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది, బట్టలుతికే పెద్దవాళ్లు పక్కనున్నా జారిన పిల్ల చప్పుడు చేయకుండానే మునిగిపోతుంది. చేపల చెరువుల గట్లు నిటారుగా ఉంటాయి, వానకి మట్టి జారి పట్టు దొరకదు. రొయ్యల చెరువుల దగ్గర నీటికి గాలి పట్టించే ఏరియేటర్లకి లాగిన కరెంటు వైర్లు వేరే ప్రమాదం. పెద్దవాళ్ల చేతికి అందేంత దూరంలో లేకుండా పాప రేవులో దిగకూడదని ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండండి. ఈ వేసవిలోనే, ఈత బాగా వచ్చిన మనిషి చేత నేర్పించండి. వచ్చాక కూడా ఒంటరిగా పంపొద్దు. మీలో ఉన్న బెంగకి ఇది నిజంగా పనికొచ్చే చోటు.

ఇలా చేసినా ఇంకో రెండు వారాల్లో నిద్ర దారిన పడకపోయినా, అన్నం సయించకపోయినా, మీ చిన్నతనంలో మీకే జరిగినది ఏదైనా గుర్తొస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 (టెలిమానస్)కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడా చూపించుకోవచ్చు.

నేరకథలు పూర్తిగా మానక్కర్లేదు. కొంతకాలం పిల్లలు బలయ్యేవి వద్దు. మిగతావి పగటిపూట, ముందు ఆఖరి అధ్యాయం చూసుకుని చదవండి. పడుకునేటప్పుడు ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి.