జీతం వదిలి బాక్సర్ కుక్కల పెంపకంలోకి దిగవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని ఉప్పల్. నాకు 33 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో నెలకు 52 వేల జీతం. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38 వేలు. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. బ్యాంకు డిపాజిట్‌లో 6 లక్షలు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి కుక్కలంటే ప్రాణం. రెండేళ్లుగా ఆదివారాల్లో ఒక ట్రైనర్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆయన ఒక్కో కుక్కకు నెలకు 6 వేలు తీసుకుంటారు. నా భార్య గ్రూమింగ్ (కుక్కలకు స్నానం, బొచ్చు కత్తిరింపు) కోర్సు పూర్తి చేసింది. ఇప్పుడు 4 లక్షలతో రెండు ఆడ బాక్సర్ పిల్లలను కొని పెంపకం మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఒక్కోటి ఏడాదికి రెండుసార్లు ఈని, ఈతకు ఆరు చొప్పున 24 పిల్లలు వస్తాయని, పిల్ల 25 వేలకు పోయినా ఏటా 6 లక్షలు చేతికొస్తాయని అమ్మే వ్యక్తి చెప్పారు. 10 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చాను. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: ఇప్పుడు మానేయకండి. మీ ఇంట్లో ఇద్దరి చేతుల్లోనూ సంపాదించే పని ఉంది. అమ్మే వ్యక్తి మాత్రం మిమ్మల్ని ఆ పని నుంచి తప్పించి, మీ డిపాజిట్‌ను అతి నెమ్మదిగా తిరిగొచ్చే వ్యాపారంలోకి లాగుతున్నారు. ఆయన లెక్క మొదటి వరుసలోనే చెడింది.

జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం కింద కేంద్రం 2017లో కుక్కల పెంపకం, విక్రయాలకు నియమాలు తెచ్చింది. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి. 12 నెలల్లో ఒక్క ఈతే ఉండాలి. జీవితకాలంలో అయిదు ఈతలు మించకూడదు. ఎనిమిదేళ్లు దాటాక జత కట్టించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు తప్పనిసరి. అంటే 24 పిల్లల లెక్క ఇక్కడే 12కు పడిపోతుంది. ఈ నియమాలను నేను మనసారా సమర్థిస్తాను. తల్లి ఒళ్లు కోలుకోకముందే మళ్లీ సూడికి పెట్టి సంపాదించే డబ్బు మీకు వద్దు.

ఇక కాలం సంగతి. మీరు కొనేది రెండు నెలల పిల్లలను. 18 నెలలు నిండడానికి 16 నెలలు, చూలు 63 రోజులు, ఆపై పిల్లలు ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. అన్నీ కలిసొచ్చినా మొదటి రూపాయి చూడటానికి 20 నెలలు పడుతుంది. దాదాపు 30 కిలోల కుక్కకు మంచి ఆహారం, టీకాలు, నట్టల మందు కలిపి నెలకు 6 వేలు అనుకుందాం. రెండింటికీ 20 నెలలకు 2.40 లక్షలు. కొనుగోలు, షెడ్డు, కూలర్ కలిపితే ఒక్క పిల్ల పుట్టకముందే మీ 4 లక్షల్లో పెద్ద భాగం కరిగిపోతుంది.

తర్వాతి ఏడాది చూద్దాం. 12 పిల్లల్లో తొమ్మిది అమ్ముడయ్యాయని, సగటున 20 వేలు వచ్చాయని అనుకుంటే 1.80 లక్షలు. తల్లుల పోషణ 1.44 లక్షలు. పిల్లల ఆహారానికి, టీకాలకు తలా 3 వేల చొప్పున 27 వేలు. మిగిలేది 9 వేలు. ఇందులో మగకుక్క జతకు ఇచ్చే రుసుము లేదు, ఆపరేషన్ చేసి పిల్లలను తీయాల్సి వస్తే అయ్యే ఖర్చు లేదు, పిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ సోకితే ఈత మొత్తం పోయే ప్రమాదాన్నీ లెక్కలోకి తీసుకోలేదు.

బాక్సర్ జాతికి ప్రత్యేకమైన ఖర్చులు వేరే ఉన్నాయి. పొట్టి మూతి కావడంతో వేడిని తట్టుకోలేదు. మన మే నెల ఎండకు చల్లని గది కావాలి, కరెంటు బిల్లు కావాలి. గుండె జబ్బులు, కణితులు ఈ జాతిలో ఎక్కువ. అందుకే జత కట్టించే ముందు తల్లికీ తండ్రికీ ఎకో (గుండె స్కానింగ్), 24 గంటల ఈసీజీ చేయించాలి. ఎద, కాళ్ల మీద తెల్లమచ్చలున్న బాక్సర్లను కొనేవారు ఇష్టపడతారు. కానీ అలాంటి రెండింటిని జత కలిపితే సగటున నాలుగింట ఒకటి పూర్తి తెల్లగా పుడుతుంది. తెల్లవాటిలో కొన్నింటికి చెవుడు ఉంటుంది, ప్రదర్శనలకూ పనికిరావు, కనుక ధర పలకదు. తెల్లమచ్చలున్నదాన్ని మచ్చల్లేని దానితో జత కలిపితే ఈ చిక్కు రాదు. ఈ విషయం మీకు అమ్మే వ్యక్తి చెప్పారా?

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది కుక్క ముసలితనం. మీ లెక్కలో అది లేనే లేదు. బాక్సర్ సాధారణంగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఎనిమిదేళ్లలోపే పెంపకం ఆగిపోతుంది, తిండి ఆగదు, వైద్యం పెరుగుతుంది. ఏడాదికి 72 వేల చొప్పున మూడేళ్లకే ఒక్కో కుక్కకు 2.16 లక్షలు. ఈ డబ్బును మొదటి ఈత నుంచే పక్కన పెట్టలేని వ్యాపారం చివరికి ఆ కుక్కను ఎవరికో అంటగడుతుంది, లేదా రోడ్డు మీద వదిలేస్తుంది. కుక్కలంటే ప్రాణం అని రాశారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? ఉద్యోగం చేస్తూనే ఉదయం, ఆదివారాల్లో నాలుగు కుక్కలకు శిక్షణ ఇవ్వండి. మీ గురువు తీసుకునే రేటే అయినా నెలకు 24 వేలు. పెట్టుబడి పెట్రోలు, పట్టీలు. హబ్సిగూడ, తార్నాక అపార్ట్‌మెంట్లలో అడగండి. బాక్సర్లు రెండు మూడేళ్లదాకా పిల్లచేష్టలు మానవు, ఓపికగల శిక్షకుడి కోసం యజమానులు వెతుకుతుంటారు. వేసవిలో ఏడు గంటలలోపే ముగించండి. కంపెనీ నిబంధనలు బయటి పనిని ఒప్పుకుంటాయో లేదో మాత్రం ముందే చూసుకోండి.

మీ భార్య ఇళ్లకు వెళ్లి గ్రూమింగ్ చేయవచ్చు. అయితే బాక్సర్లను నమ్ముకోవద్దు. వాటి పొట్టి బొచ్చుకు రబ్బరు బ్రష్ చాలు, ముఖం ముడతలు తుడవడం, గోళ్లు తీయడం యజమానులే చేసుకుంటారు. ఆదాయం షిట్జూ, లాసా ఆప్సో, గోల్డెన్ రిట్రీవర్ల నుంచి వస్తుంది. క్లిప్పర్, డ్రయ్యర్, బల్లకు 60 వేలు దాటనీయకండి.

ఆరు లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు 2.28 లక్షలు డిపాజిట్‌లోనే ఉండాలి. మీ లేఖలో బీమా మాటే లేదు. కోటి రూపాయల టర్మ్ పాలసీ, కంపెనీతో సంబంధం లేని కుటుంబ ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. పాప పేరిట సుకన్య సమృద్ధిలో 50 వేలు వేయండి. అందులో డబ్బు చాలా ఏళ్లు కదలదు కనుక అంతకుమించి వద్దు, మిగతాది డిపాజిట్‌లో ఉంచండి. శిక్షణ, గ్రూమింగ్ రాబడికి వేరే ఖాతా తెరిచి, వ్యాపార ఆదాయంగా ఆదాయపన్ను రిటర్నులో చూపండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి పన్ను భయం లేదు. ఖర్చులు పోను ఆ ఖాతాలో ఏడాదంతా నెలకు 40 వేలు తగ్గకుండా మిగిలితే, అప్పుడు ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం.

అడ్వాన్సు తిరిగి అడగండి. ఇవ్వకపోతే ఆ 10 వేలు వదులుకోండి, వాటి కోసం 4 లక్షలు పోయవద్దు. ఒక్క బాక్సర్‌ను ఇంటి మనిషిలా పెంచుకోవాలనుకుంటే నెలకు 6 వేలు ఇంటి బడ్జెట్‌లో రాసుకుని తెచ్చుకోండి. తల్లిని కళ్లారా చూడండి. తల్లిదండ్రుల గుండె పరీక్షల కాగితాలు, జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం, కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబరు సరిపోల్చుకున్నాకే డబ్బు చెల్లించండి. ఇంటికి తెచ్చాక మీ మున్సిపల్ కార్పొరేషన్ నుంచి పెంపుడు కుక్క లైసెన్సు తీసుకోండి.