టెక్ సందేహాలు: మెటా అనాలిసిస్ అంటే మెటా ఏఐ చెప్పిన మాటా?

ప్రశ్న: మా అమ్మకు షుగర్ ఉంది. ‘మెంతులతో షుగర్ తగ్గుతుందని మెటా అనాలిసిస్‌లో తేలింది’ అని వాట్సాప్‌లో ఎవరో పంపితే, గోలీలు మానేస్తానంటోంది. ఇది మెటా ఏఐ చెప్పిందా? నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు అమ్మను గోలీలు ఆపనివ్వకండి. మిగతాది తర్వాత.

ఫేస్‌బుక్ కంపెనీ మెటాగా పేరు మార్చుకున్నది 2021లో. మెటా అనాలిసిస్ అనే పేరును జీన్ గ్లాస్ అనే అమెరికన్ గణాంక నిపుణుడు 1976లోనే పెట్టారు. ఒకే ప్రశ్న మీద వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాలను వెతికి పట్టుకుని, వాటి ఫలితాలను కలిపి లెక్కగట్టే పద్ధతి ఇది. ఉత్త సగటు కాదు. ఎక్కువమందిని పరీక్షించిన అధ్యయనానికి మామూలుగా ఎక్కువ విలువ ఇస్తారు.

వైద్య అధ్యయనాలను ఇలా కలిపి పరిశీలించే కాక్రేన్ అనే సంస్థ లోగోను ఒకసారి చూడండి. నెలలు నిండకుండానే కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డకు మేలని తొలి అధ్యయనం 1972లో వచ్చింది. తర్వాతవి చాలావరకు చిన్నవి, విడిగా చూస్తే ఎటూ తేలనివి. అన్నీ కలిపి లెక్కిస్తే పసిప్రాణాలు నిలుస్తున్నాయని స్పష్టమైంది. లోగోలోని అడ్డగీతలు ఆ అధ్యయనాలే, అడుగున ఉన్న డైమండ్ వాటి మొత్తం ఫలితం. ఆ లెక్క ముందే కట్టి ఉంటే ఎందరు పిల్లలు బతికేవారో అని, ఆ గీతలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అయితే ఏం కలుపుతున్నామన్నది ముఖ్యం. ఏనుమాముల మార్కెట్‌లో తేజ మిర్చి, చపాట మిర్చి ఒకే కుప్ప పోసి ‘సగటు కారం ఇంత’ అంటే ఏ రైతూ ఒప్పుకోడు. తేజది మంట, చపాటది రంగు. మెంతుల అధ్యయనాల్లోనూ మోతాదు వేరు, తిన్న రోజులు వేరు. అందుకే ఫలితాలూ వేరుగా వస్తాయి. ఆ తేడాలో కాకతాళీయం కానిది ఎంతో ఐ-స్క్వేర్ అనే శాతంలో చెబుతారు. అది 75 దాటితే ఆ ఒక్క అంకెను పట్టుకుని నిర్ణయాలు తీసుకోవద్దు. గోలీలు వేసుకుంటూ మెంతులు తిన్నవాళ్లా, గోలీలు లేకుండా తిన్నవాళ్లా? మీ అమ్మ విషయంలో అసలు ప్రశ్న ఇదే. ఆ మెసేజ్‌లో దీని ఊసే లేదు కదా!

ఫోన్‌లో వైద్య పరిశోధనలను వెతికే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్ తెరిచి ఇంగ్లిష్‌లో ఫెనుగ్రీక్, డయాబెటిస్ అని వెతికి, ఫిల్టర్లలో మెటా అనాలిసిస్‌ను ఎంచుకోండి. వెతకడం ఉచితమే. దొరికిన పేజీని సేవ్ చేసి డాక్టర్‌కు చూపించండి. గోలీలతోపాటు మెంతులు తింటే షుగర్ మరీ పడిపోతుందేమో కూడా అప్పుడే అడగండి.