అక్వేరియం నీటి పీహెచ్ సహజంగా, తక్కువ ఖర్చుతో తగ్గించాలంటే?

ముందు తొట్టిలోని రాళ్లను చూడండి. రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేస్తే బుసబుసమని నురగ వస్తోందా? అది సున్నపురాయి. గవ్వలూ పగడాలూ అంతే. అవి లోపల ఉన్నంతకాలం మీరేం చేసినా పీహెచ్ మళ్లీ పైకే పోతుంది. తీసేయండి.

తర్వాత చౌకైనది ఎండి రాలిన బాదం ఆకు (పచ్చిది వద్దు). కడిగి, 40 లీటర్లకు ఒకటి చొప్పున వేయండి. అందులోని టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు నెమ్మదిగా నీటిలోకి దిగుతాయి. నీళ్లు పల్చటి టీ రంగుకి మారితే టెన్షన్ పడకండి, చేపలకు హాని లేదు. నానబెట్టిన డ్రిఫ్ట్‌వుడ్ (అక్వేరియంలో పెట్టే ఎండు చెక్క), పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు) కూడా ఇదే పని చేస్తాయి.

అసలు చిక్కు కేహెచ్‌తో, అంటే నీటిలోని కార్బొనేట్ల కొలతతో. నీటిలో కార్బొనేట్లు ఎక్కువుంటే వచ్చిన ఆమ్లాన్ని అవే మింగేస్తాయి, ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ కదలదు. అప్పుడు నీళ్లు మార్చినప్పుడల్లా కొంత ఆర్వో నీరో, శుభ్రంగా పట్టిన వాన నీరో కలపడమే దారి.

నిమ్మరసం, వెనిగర్ మాత్రం తొట్టిలో పోయొద్దు. పీహెచ్ ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది. చేపల్ని చంపేది ఎక్కువగా ఆ ఊగిసలాటే. రోజుకు 0.2 తగ్గితే చాలు. నిజానికి 7.5 దగ్గర నిలకడగా ఉంటే చాలా చేపలకు దాన్ని ముట్టుకోనక్కర్లేదు.