ఈసీఈ మానేసి రెగే అంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ రెండో ఏడాది. రాత్రంతా ల్యాప్‌టాప్‌లో రెగే పాటలు, అదే జమైకా దేశపు సంగీతం, మిక్స్ చేస్తుంటాడు. చదువు మానేసి మ్యూజిక్ ప్రొడ్యూసర్ అవుతాడట. ఎలక్ట్రానిక్స్‌కీ పాటలకీ ఏం సంబంధమండీ? ఎలా నచ్చజెప్పాలి? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చాలా సంబంధం ఉందండీ. కింగ్ టబ్బీ ఎవరని మీవాణ్ణి అడగండి, కళ్లు మెరుస్తాయి. 1941లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టిన ఆయన రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. అక్కడ వీధి డాన్సులకు భారీ స్పీకర్లతో పాటలు వేసే 'సౌండ్ సిస్టమ్'లుంటాయి. మన పెళ్లిళ్ల మైక్‌సెట్‌కు పెద్దన్న అనుకోండి. వాటికి ఆంప్లిఫయర్లు తనే తయారుచేసేవాడు. 1970లలో వాటర్‌హౌస్ పేటలో, ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. గాయకులు పాడే గది ఒకప్పటి బాత్‌రూమ్. గొంతు, వాద్యాలు విడివిడిగా రికార్డయ్యే ట్రాకులు నాలుగే ఉండేవి. పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్స్, బేస్ మాత్రం ఉంచి, గిటార్ ముక్కనొకదాన్ని ఎకోలోకి, అంటే ప్రతిధ్వనిలోకి వదిలేవాడు. రెగేలో 'డబ్' అనే శైలి అలా పెరిగిందే. ఇప్పటి రీమిక్స్‌కు మూలాలు అక్కడున్నాయి. సర్క్యూట్ లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడు గనకే ఆ ధైర్యం చేయగలిగాడు. ఆయన దగ్గర పనిచేసిన ప్రిన్స్ జామీ 1985లో క్యాసియో కీబోర్డులోని రెడీమేడ్ లయతో పాట చేసి, రెగేని డిజిటల్ బాట పట్టించాడు.

అందుకే చదువు మానొద్దని నా మాటగా గట్టిగా చెప్పండి. సిగ్నల్ ప్రాసెసింగ్ పేపరే వాడి వాద్యం. ఫైనలియర్ ప్రాజెక్టుగా ఎకో యూనిట్ తయారుచేయమనండి. డిగ్రీ చేతికొచ్చాక పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ సంస్థల్లో సౌండ్ కోర్సులకు ప్రయత్నించవచ్చు.

డబ్బు సంగతి దాచను. ఆనాటి కింగ్‌స్టన్‌లో ప్రొడ్యూసరంటే చాలాసార్లు ఖర్చు పెట్టి, పాట రికార్డయిన టేపు సొంతం చేసుకునేవాడు. వాయించినవాళ్లకు ఆ పూట కూలీ ముట్టేది. అదే లయ మీద, వాళ్లు 'రిడ్డిమ్' అంటారు, తర్వాత పదుల పాటలొచ్చినా చాలామందికి పైసా రాలేదు. అంత గొప్ప సంగీతం చేసినవాళ్లు పేదరికంలో ముగిసిపోవడం నాకిప్పటికీ బాధే. మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ వాటా కాపాడుతోంది. కాగితం చదవకుండా మీవాడు సంతకం పెట్టకూడదు. ఈ విషయంలో మాత్రం మీరు పక్కనుండాలి.

ఈ వేసవిలో మీ ఊళ్లో ఏదైనా మైక్‌సెట్ షాపులో నెలరోజులు పనికి పెట్టండి. స్పీకర్లు మోయనివ్వండి, గుయ్యిమనే రొద ఏ వైరులోంచి వస్తోందో వెతకనివ్వండి. తిరిగొచ్చాక ఏమన్నాడో నాకు రాయండి.