గులాబీ ఆకులు మచ్చలొచ్చి రాలిపోతుంటే ఏం చేయాలి?

నల్గొండలో మేడ మీద కుండీల్లో గులాబీలు పెంచుతున్నామని, ఆకులు పసుపుబారి రాలుతున్నాయని ఒకరు అడిగారు. మందు కొనేముందు ఒక ఆకు తెంపి, తిప్పి చూడండి.

పైన అంచులు చెదిరిన నల్ల మచ్చలు, చుట్టూ పసుపు ఉంటే నల్లమచ్చ తెగులు. వానాకాలంలో ఎక్కువ. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, శిలీంధ్రం పట్టేస్తుంది. అందుకే సాయంత్రాలు ఆకుల మీద నీళ్లు పోయకండి. రాలినవి ఏరి పారేసి, లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ (శిలీంధ్రాన్ని అరికట్టే మందు) కలిపి, 10 రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవద్దు.

మన ఎండలకు మాత్రం అసలు శత్రువు ఎర్రనల్లి అనే అతి సన్నటి పురుగు. ఆకు పైన సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు, అడుగున పలచటి సాలెగూడు లాంటిది కనిపిస్తాయి. తెల్ల కాగితం మీద ఆకును తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు మెల్లగా నడుస్తుంటే నల్లే, అనుమానం లేదు. దీనికి పురుగుమందుల జోలికి వెళ్లకండి, నల్లిని తినే మంచి పురుగులు చచ్చి అది ఇంకా పెరుగుతుంది. పొద్దున్నే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక పిచికారీ చేయండి.

చలికాలంలో లేత ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. దానికి నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు మాత్రం వద్దు, ఆకులు మాడిపోతాయి.