చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే తోమడం ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 38. ఆరు నెలలుగా పళ్లు తోముకుంటుంటే నురగలో రక్తపు చారలు కనిపిస్తున్నాయి. నొప్పి లేదు. కింది ముందు పళ్ల వెనక గార పట్టింది. రక్తం చూసి భయమేసి ఆ భాగాన్ని పైపైన తోమి వదిలేస్తున్నాను. విటమిన్-సి మాత్రలు వాడినా తగ్గలేదు. స్కేలింగ్ (దంతవైద్యుల దగ్గర గార తీయించుకోవడం) చేయిస్తే పళ్లు వదులవుతాయని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది చిగుళ్ల వాపు తొలి దశ, అంటే జింజివైటిస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఈ దశలో జబ్బు చిగురుకే పరిమితమై ఉంటుంది, పంటిని పట్టి ఉంచే ఎముక ఇంకా దెబ్బతినదు కాబట్టి పూర్తిగా నయమవుతుంది. అయితే రక్తం వచ్చే చోట తోమడం తగ్గించడం జబ్బును పెంచి పోషించడమే. చిగురు అంచున పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా వల్ల అక్కడి రక్తనాళాలు ఉబ్బి, చిగురు లోపలి పొర పలచబడుతుంది. అందుకే బ్రష్ కాస్త తగిలినా రక్తం వస్తుంది. పాచి పోనంతవరకు అది ఆగదు.

ఇది కేవలం ఊహ కాదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్యుడి బృందం, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు శుభ్రం చేసుకోవడం మానేయమని కోరినప్పుడు, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక సుమారు వారానికే మామూలు స్థితికి వచ్చాయి.

మీ విషయంలో మాత్రం గార అనే అడ్డంకి ఉంది. లాలాజలంలోని కాల్షియం లవణాలు చేరి పాచి గట్టిపడితే అదే గార అవుతుంది; నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునే చోటు దగ్గరే కాబట్టి కింది ముందు పళ్ల వెనక అది త్వరగా పడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఏ బ్రష్షుకూ, ఏ పేస్టుకూ లొంగదు, స్కేలింగ్ చేయించుకోవలసిందే. మీ అత్తగారి భయం చాలామందిలో ఉన్నదే, దానికి కారణమూ లేకపోలేదు. ఎముక అరిగిపోయి అప్పటికే కదులుతున్న పళ్లను గార గోడకు పూసిన సున్నంలా కలిపి పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేసరికి కదలిక బయటపడుతుంది, వాపు తగ్గి పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి. నింద స్కేలింగ్ మీద పడుతుంది. మీకు తొలి దశే అయితే ఆ ఇబ్బంది రాదు. కొద్ది రోజులు చల్లటివి తగిలితే పళ్లు జివ్వుమనవచ్చు, అంతే.

ఇక రోజూ చేయవలసినది. మెత్తటి కుచ్చున్న బ్రష్‌ను చిగురు, పన్ను కలిసే అంచున సుమారు 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఒత్తిడి పెట్టకుండా అక్కడే చిన్న చిన్న కదలికలతో కదిపి, ఆ తర్వాత పంటి కొన వైపు ఊడ్చినట్టు లాగాలి. ఇలా బయటి వైపు, నాలుక వైపు, దవడ పళ్ల చివరి వరకు రెండు నిమిషాలు తోమాలి. ముందు పళ్ల వెనక బ్రష్‌ను నిలువుగా పట్టుకుంటే సులువుగా అందుతుంది. ఉదయం ఎంత శ్రద్ధగా తోమినా రాత్రి పడుకునే ముందు తోమడం తప్పనిసరి, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. బ్రష్ చేరలేని పళ్ల సందుల్లోనే చిగుళ్ల వాపు ఎక్కువగా మొదలవుతుంది కాబట్టి, రోజుకొకసారి ఫ్లాస్ దారంతో గానీ, సందులు వెడల్పుగా ఉంటే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో గానీ శుభ్రం చేసుకోండి. మొదటి కొద్ది రోజులు రక్తం కనిపించినా ఆపకండి. బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు పంటిని అరగదీస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను స్కేలింగ్ తర్వాత డాక్టర్ సూచిస్తే రెండు వారాల వరకు వాడవచ్చు. నెలల తరబడి వాడితే పళ్లపై గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్టుతో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి పుక్కిలించాలి. ఈ దశలో యాంటీబయాటిక్స్ అవసరం లేదు. జామ, ఉసిరి, నిమ్మ వంటివి తినేవారికి విటమిన్-సి లోపం అరుదు, కాబట్టి ఆ మాత్రల వల్ల ఒరిగేదేమీ లేదు.

దంతవైద్యులు చిగురుకూ పంటికీ మధ్య ఉండే సందు లోతును సన్నని కొలత పరికరంతో చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే సాధారణం; 4, ఆ పైన ఉంటే ఎముక పరిస్థితి తెలుసుకోవడానికి ఎక్స్-రే తీయవలసి రావచ్చు. గర్భంతో ఉన్నా, బీపీకి ఆమ్లోడిపిన్ లేదా ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడుతున్నా ముందే చెప్పండి, వీటి వల్ల కూడా చిగుళ్లు ఉబ్బుతాయి. మీ ఇంట్లో పొగ తాగేవారుంటే వారికీ ఒక మాట: పొగాకు వల్ల జబ్బు ముదిరినా రక్తం అంతగా కనిపించదు, కాబట్టి రక్తం రావడం లేదని నిశ్చింతగా ఉండకూడదు.

స్కేలింగ్ అయి, ఇలా శుభ్రం చేసుకుంటున్నా మూడు నాలుగు వారాలకు కూడా రక్తం ఆగకపోతే మళ్లీ చూపించుకుని, రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి. అదుపులో లేని మధుమేహం చిగుళ్లను దెబ్బతీస్తుంది, చిగుళ్ల జబ్బు చక్కెరను అదుపు తప్పిస్తుంది. తోమకుండానే రక్తం కారుతున్నా, ఒంటిపై కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తున్నా, తోడుగా జ్వరం ఉన్నా, దంతవైద్యుల కంటే ముందు ఫిజీషియన్‌ను ఆ రోజే కలిసి రక్తకణాల పరీక్ష చేయించుకోండి.