తాటిచెట్టు ఎక్కేవాడి ముందు బంగీ జంప్ ఎంత?

"సాగే తాడు కట్టుకుని ఎత్తు నుంచి దూకే బంగీ జంపింగ్ లాంటి ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్స్ మన తెలుగువాళ్లు ఎందుకు పెద్దగా చేయరు? మనకు ధైర్యం తక్కువా?" అని ఒకరు అడిగారు. ఆ రెండో మాటకు నాకు నిజంగానే కోపం వచ్చింది. మాది నకిరేకల్ దగ్గర పల్లె, కల్లుగీత కుటుంబం. మా ఇంట్లో మగవాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రాణాన్ని మోకుకు, అంటే చెట్టెక్కే తాడుకు, అప్పజెప్పి తాటిచెట్టు ఎక్కేవాళ్లు.

చిన్నప్పుడు కల్లు కుండలు, అంటే లొట్లు, మోసుకుంటూ పెదనాయన వెంట వెళ్లేవాణ్ని. ఆయన నడుముకు పనిముట్లు పెట్టుకునే ముస్తాదు, పాదాలకు పట్టు కోసం వేసుకునే తాడు బంధం గుజి, చెట్టునూ తననూ కలిపి చుట్టిన మోకు. వెనక్కి వాలితేనే మోకు చెట్టుకు బిగుస్తుంది. భయపడి చెట్టును కరుచుకుంటే వదులైపోతుంది. భయం వేసినప్పుడు ఒళ్లు చెప్పేదానికి సరిగ్గా ఎదురు చేయాలన్నమాట.

ఒక ఎండాకాలం సాయంత్రం ఆయన పైన కల్లు కారే పూగెల గీస్తుండగా గాలిదుమారం లేచింది. చెట్టు ఊగుతోంది, మట్టలు కొట్టుకుంటున్నాయి, లొట్టిలోని కల్లు చిమ్మి నా ముఖాన పడింది. దిగమని అరిచాను, ఆయనకు వినపడలేదు. గీత పూర్తిచేసే దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక గుజి తెగింది. రెండు కాళ్లూ జారాయి. మోకు చెట్టును రాసుకుంటూ కొంత కిందికి వచ్చి ఆగింది. ఛాతీ అంతా గీరుకుపోయింది. చేతులతో చెట్టును పట్టుకోకుండా అట్లాగే వెనక్కి వాలి, మెల్లగా పాదాలు కుదుర్చుకుని దిగాడు. దిగీదిగంగనే మోకును ఆ కొస నుంచి ఈ కొస దాకా అరచేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ రాత్రే కొత్త గుజి పేనాడు. "పొద్దున గీయకపోతే గెల పాడైతది రా" అన్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు బంగీ సంగతి. 1979 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర క్లిఫ్టన్ వంతెన మీది నుంచి డేంజరస్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు సాగే తాళ్లు కట్టుకుని దూకారు. డేవిడ్ కిర్క్ అనే ఆయన నెత్తిన పెద్ద టోపీతో, చేతిలో షాంపేన్ సీసాతో దూకాడు. తర్వాత పోలీసులు పట్టుకుపోయారు. వాళ్లకు ఈ ఆలోచన ఇచ్చింది పసిఫిక్‌లో వనువాటు దేశపు పెంటెకోస్ట్ దీవి. అక్కడి మగవాళ్లు కర్రలతో కట్టిన గోపురం మీది నుంచి చీలమండలకు తీగలు కట్టుకుని, తల నేలకు తగిలీ తగలకుండా దూకుతారు. ఎవరి బరువుకు ఏ తీగ సరిపోతుందో పెద్దవాళ్లు కంటితో చూసే ఎంచుతారు. 1974లో ఎలిజబెత్ రాణి వచ్చిందని సీజన్ కాని సీజన్‌లో దూకించారు. ఆ కాలంలో తీగలకు సాగే గుణం ఉండదు. ఒక మనిషి చనిపోయాడు.

అందుకే నా లెక్కలో దూకినవాడి కంటే తీగ ఎంచినవాడే గొప్ప. ఈ మధ్య సాగర్ కాలువలోకి రీల్స్ కోసం దూకే పిల్లల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. తాడు లేదు, లోతు తెలియదు, ఒడ్డున నలుగురు ఫోన్లు పట్టుకుని అరుస్తుంటారు. దాన్ని సాహసం అని పొగిడేవాళ్లను అసలు క్షమించలేను.

మన తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్లు వాడే తరహా తాళ్లు, బెల్టులు. కాలు జారినా మనిషి నేల మీద పడకుండా పట్టుకునే ఏర్పాటు. ఎన్నో ఏళ్ల కిందే రావాల్సింది. మా ఊళ్లో కొందరు "దీంతో ఎక్కితే ఆలస్యం, ఎండ ఎక్కేలోపు చెట్లన్నీ గీయలేం" అంటున్నారు. వాళ్ల తొందర నాకు తెలుసు, నా ఇంట్లో చూసిందే. అయినా వాడాల్సిందే. ట్రైనింగ్ కూడా హాల్లో కుర్చీలేసి చెబితే సరిపోదు, తాటివనంలోనే, చెట్టు మీదే, చేయి తిరిగేదాకా నేర్పాలి. మీ ఊళ్లో కిట్ తీసుకుని అటక మీద పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ సాయంత్రమే వెళ్లి దించమని చెప్పండి.